ప్రార్థన చేయించుకున్న వెబ్‌సైటు

ఆ రోజుల్లో అంటే మరీ రాజుల కాలమేమీ కాదు. ఫోన్లో డేటా నీళ్ళలా దొరకడం మొదలై, మా పెద్దాపురంలో కూరగాయల బండికి కూడా స్కానర్ అట్ట వేలాడుతున్న రోజులే. కానీ అప్పటి నన్ను తలుచుకుంటే మాత్రం ఎవరో పూర్వకాలపు మనిషిని తలుచుకున్నట్టు ఉంటుంది. అంత అమాయకత్వం ఈ కాలంలో ఎలా బతికి బట్టకట్టిందో నాకే ఆశ్చర్యం. డిగ్రీ అయిపోయి ఇంట్లో కూర్చున్నాను. మా నాన్న మాస్టారు. మా తాతయ్య మాస్టారు. మేనత్తలిద్దరూ టీచర్లు. (క్రిస్మస్‌కి అందరూ చేరితే మా ఇంట్లో అన్నం వడ్డించేవాళ్ళకన్నా నిశ్శబ్దంగా కూర్చోమనేవాళ్ళే ఎక్కువ.) కాబట్టి నేను బీఈడీ చెయ్యాలన్నది నేను పుట్టకముందే తేలిపోయిన సంగతి. నాకేమో పిల్లల ముందు నిలబడాలంటే భయం. సండే స్కూల్లో ఓసారి బుల్లిపిల్లల క్లాసు నాకు అప్పగిస్తే, కాసేపటికి వాళ్ళే నన్ను కూర్చోబెట్టి పాట నేర్పారు.

అలాంటి సమయంలో ఓ వీడియో చూశాను. అందులో ఓ కుర్రాడు సోఫాలో కాళ్ళు చాపుకుని, ఏదైనా వస్తువు గురించి మన వెబ్‌సైట్లో రాసి, కింద ఓ లింకు పెడితే, ఆ లింకు నొక్కి ఎవరైనా కొన్నప్పుడల్లా మనకి కమీషన్ వస్తుందని చెప్పాడు. ఆ లింకులిచ్చే మధ్యవర్తి కంపెనీల్ని నెట్‌వర్కులంటారట. ముందుగా ఆ నెట్‌వర్కు మనల్ని చేర్చుకోవాలట. ఈ ఆఖరి మాట మాత్రం ఆ కుర్రాడు చాలా వేగంగా చెప్పేసి వెళ్ళిపోయాడు. నాన్నకి చెబితే కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అంటే సంబంధాలు కుదిర్చే పనన్నమాట. అమ్మేవాడికీ కొనేవాడికీ" అన్నారు. ఆ తర్వాత కాసేపు ఆలోచించి ఓ ఒప్పందం పెట్టారు. బీఈడీ కౌన్సెలింగ్ లోపు ఏదో ఒక నెట్‌వర్కు నన్ను చేర్చుకున్నట్టు రాతపూర్వకంగా చెప్పాలి. చెబితే ఆయన ఇక బీఈడీ మాటెత్తరు. చెప్పకపోతే నేను నోరెత్తకుండా కాకినాడ వెళ్ళి కాలేజీలో చేరాలి. అమ్మని సాక్షిగా పెట్టుకుని ఇద్దరం సరే అనుకున్నాం.

మొదటి దరఖాస్తు నాన్నే దగ్గరుండి రాయించారు. 'మీరు మా వస్తువుల్ని ఎలా ప్రచారం చేస్తారు?' అని వాళ్ళు అడిగిన చోట ఆయన చెబుతుంటే నేను కొట్టాను. "రెస్పెక్టెడ్ సర్, ఐ బెగ్ టు స్టేట్" అని మొదలై, మా కుటుంబం రెండు తరాలుగా విద్యాశాఖకి చేసిన సేవ మీదుగా సాగి, "యువర్స్ ఒబీడియంట్‌లీ" దగ్గర ఆగింది. వాళ్ళు అడక్కపోయినా నా కాండక్ట్ సర్టిఫికెట్ ఫోటో తీయించి జతచేయించారు. మర్నాడు పొద్దున్నే 'క్షమించండి, ప్రస్తుతం మిమ్మల్ని చేర్చుకోలేము' అని రెండు ముక్కల మెయిల్ వచ్చింది. నాన్న ఆ మెయిల్ని చాలాసేపు చూశారు. "కాండక్ట్ 'గుడ్' అని ఉంది కదమ్మా. వాళ్ళు కింద దాకా చూశారంటావా?" అన్నారు. ఇంకో రెండు నెట్‌వర్కులు కూడా కాదన్నాక తెలిసిందేంటంటే, అసలు వెబ్‌సైటంటూ ఒకటి ఉండాలని.

సరే, వెబ్‌సైటు పెట్టాను. వంటింటి సామాన్ల మీద సమీక్షలు రాద్దామనుకున్నాను. అయితే మా ఇంట్లో ఉన్నది ఒక కుక్కరు, ఒక గ్రైండరు. మిగతావి వీధిలో అరువు తెచ్చుకుని, వాడి చూసి, రాయడం మొదలుపెట్టాను. మా పక్కింటి అత్తయ్య మిక్సీ గురించి 'చప్పుడు ఎక్కువ' అని నిజమే రాశాను. సాయంత్రానికి ఆవిడ మా గుమ్మంలో ఉంది. "ఏంటే, నా మిక్సీ గురించి లోకమంతా చాటావట. పోయిన క్రిస్మస్‌కి మీ ఇంటికి గారెల పిండి ఎందులో రుబ్బి పంపాననుకున్నావు?" అంది. అమ్మ లోపల్నుంచి నా వైపు చూసిన చూపుకి అప్పటికప్పుడు దిద్దేశాను. 'ఈ మిక్సీ చప్పుడు చెయ్యడం వల్ల పని జరుగుతోందని పక్కగదిలో ఉన్నవాళ్ళకి కూడా తెలుస్తుంది' అని రాశాను. ఆవిడ చదివించుకుని విని, సంతోషించి, కొబ్బరి లౌజు పెట్టి వెళ్ళింది. (అప్పట్నుంచీ మా ఇంట్లో ఆవిడ పేరు మిక్సీ అత్తయ్యే.) దాంతో నాకు ఓ సంగతి అర్థమైంది. అరువు తెచ్చుకున్న వస్తువుకి వంక పెట్టడం మా వైపు కుదరదు. అందుకని నా వెబ్‌సైట్లో ఉన్న ప్రతి వస్తువూ లోకంలోకెల్లా మంచిదే. ఒక్క మా సొంత గ్రైండర్ని మాత్రం కడుపారా తిట్టి రాశాను. 'కొనేముందు చూడాలనుకుంటే మా ఇంటికి రావచ్చు, మధ్యాహ్నం పూట అయితే అమ్మ ఖాళీగా ఉంటుంది' అని చివర్లో చేర్చాను కూడా.

ఈసారి దరఖాస్తు పెట్టిన నెట్‌వర్కు కాస్త మర్యాదస్థురాలు. కారణం చెప్పింది. మీ వెబ్‌సైటు బాగానే ఉంది గానీ చూసేవాళ్ళు లేరు, జనం రావడం మొదలయ్యాక మళ్ళీ అడగండి అంది. నేను దిగాలుపడి కూర్చుంటే నాన్న చొక్కా వేసుకుని బయటికెళ్ళారు. ఎక్కడికెళ్ళారో ఆదివారం దాకా నాకు తెలియలేదు. ఆ ఆదివారం చర్చిలో ప్రసంగం అయింది, కానుకలు పట్టారు, ప్రకటనల సమయం వచ్చింది. మా పాస్టరుగారు (మేమంతా అయ్యగారనే అంటాం) కాగితం తీసి, బుధవారం స్త్రీల సమాజం కూటం గురించి చెప్పి, గొంతు సవరించుకుని, "మన మాస్టారి అమ్మాయి ఒక వెబ్‌సైటు ప్రారంభించింది. దాన్ని ఎవరూ చూడటం లేదని కుటుంబం భారంతో ఉంది. సంఘమంతా ఈ బిడ్డని ప్రోత్సహించాలి" అన్నారు. నేను పాటల పుస్తకంలో మొహం దాచుకున్నాను. ఆయన అక్కడితో ఆగలేదు. నన్ను ముందుకి పిలిచి, ఫోన్లో వెబ్‌సైటు తెరిపించి, దాని మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేశారు. మిక్సీ అత్తయ్య కళ్ళు తుడుచుకుంది.

ఆరాధన లైవ్ పెట్టడానికని మా గుడికి అప్పటికే ఇంటర్నెట్ పెట్టించారు. అయ్యగారు దాని పాస్‌వర్డ్ మైకులో చెప్పేశారు. ఇక చూడాలి. చెట్టు కింద, మెట్ల మీద, చెప్పుల దగ్గర, ఎక్కడ చూసినా ఫోన్లే. ఫోన్ లేనివాళ్ళు ఉన్నవాళ్ళ ఫోనందుకుని నొక్కుతున్నారు. మా వైపు శుభకార్యానికి పిలిస్తే వెళ్ళాలి, వెళ్ళినట్టు కనపడాలి. అందుకని ప్రతివాళ్ళూ నొక్కి ఊరుకోకుండా నా దగ్గరికొచ్చి, "వందనాలమ్మా, నేను నొక్కాను" అని చెప్పి వెళుతున్నారు. ఓ మామ్మగారైతే నా చెయ్యి పట్టుకుని, "నేను నొక్కలేదనుకుంటావేమోనని మళ్ళీ మళ్ళీ నొక్కానే. మా కోడలి తరపున కూడా నొక్కేశాను, అది ఊళ్ళో లేదు" అంది. నాన్న గుమ్మం దగ్గర పెళ్ళికూతురి తండ్రిలా నిలబడి అందరికీ చేతులు జోడిస్తున్నారు.

ఆ మధ్యాహ్నమే ఉత్సాహంగా మళ్ళీ దరఖాస్తు పెట్టాను. జవాబు చాలా త్వరగా వచ్చింది. మీ వెబ్‌సైటుకి వచ్చినవాళ్ళందరూ ఒకే చోటి నుంచి, ఒకే గంటలో వచ్చారు, ఇది మనుషులు చేసిన పనిలా లేదు, యంత్రంతో చేయించినట్టుంది, కాబట్టి తిరస్కరిస్తున్నాం అని. ఈ కబురు ఊళ్ళోకి పాకింది. "మనం మనుషులం కాదంటాడా వాడు?" అని స్త్రీల సమాజం అంతా మండిపడింది. మిక్సీ అత్తయ్య, "ఆ ఆఫీసు ఎక్కడుందో చెప్పవే, అందరం ఓ బస్సు మాట్లాడుకుని వెళ్ళి కనపడి వద్దాం" అంది. నేను నవ్వలేదు. కౌన్సెలింగ్ ఆ వారంలోనే ఉంది. అమ్మ అప్పటికే కాకినాడ హాస్టలుకి దుప్పటీ, బకెట్టూ సిద్ధం చేసింది. ఆ బకెట్టుని చూసినప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది.

చివరి ఆశగా ఓ చిన్న నెట్‌వర్కుకి పెట్టాను. వాళ్ళు కొత్తవాళ్ళతో ఫోన్లో మాట్లాడి చూసుకుని గానీ చేర్చుకోరట. ఎప్పుడు చేస్తారో చెప్పలేదు. నేను ఫోను చంకలో పెట్టుకుని తిరిగాను. తీరా కౌన్సెలింగ్ ముందురోజు నేను తలంటుకుంటుండగా ఫోన్ మోగింది, అమ్మ ఎత్తింది. స్నానాల గదిలోంచి నాకు ఒకవైపు మాటలే వినపడుతున్నాయి. "అమ్మాయి స్నానం చేస్తోంది బాబూ. నేను వాళ్ళమ్మని. ఏ ఊరు మీది? హైదరాబాదా? అసలు ఊరు? ... జంగారెడ్డిగూడెమా, మరి చెప్పవేం." నేను నెత్తి నిండా కుంకుడురసంతో తలుపు కొట్టాను. అమ్మ వినిపించుకోలేదు. "ఎలా ప్రచారం చేస్తుందా? ఏం ప్రచారం బాబూ, మా వీధిలో దీన్ని అడక్కుండా ఎవరూ గరిటె కూడా కొనరు. ... అబద్ధాలు రాయదు. ఒక్క మిక్సీ గురించే రాసింది, అది కూడా నా మూలానే. ... భోజనం చేశావా? ఇంకా లేదా? రూములో వండుకుంటారా?"

నేను తువ్వాలు చుట్టుకుని, కళ్ళు మండుతూ, గోడ పట్టుకుని వచ్చేసరికి సంభాషణ ఆ అబ్బాయి కుక్కరు దగ్గరికి చేరింది. మూత పక్కల్నుంచి ఆవిరి పోయి విజిల్ రావట్లేదట. "కొత్తది కొనకు. ఆ రబ్బరు తీసి కాసేపు ఫ్రిజ్‌లో, పైన ఐసు గదిలో పెట్టు. బిగుసుకుంటుంది. మా అమ్మాయి అదంతా రాసింది, చదువుకో. ... బాబూ, ఒక్క మాట. దానికి బీఈడీ ఇష్టం లేదు. రేపే కౌన్సెలింగ్. వాళ్ళ నాన్నకి చెప్పలేను, దానికి చెప్పలేను. మీరు చేర్చుకునేట్టయితే ఇవాళే చెప్పండి, లేదంటే బకెట్టు సర్దేస్తాను" అంది అమ్మ. అంతవరకూ అమ్మకి ఆ బకెట్టు ఇష్టంగా ఉందనే నేను అనుకుంటున్నాను. నేను అక్కడే కూర్చుండిపోయాను. ఫోను నాకిచ్చేలోపు ఆ అబ్బాయి పెట్టేశాడు.

రాత్రి భోజనాల వేళకి మెయిల్ వచ్చింది. 'అభినందనలు, మీ దరఖాస్తు ఆమోదించబడింది' అని. దాని కింద విడిగా ఇంకో లైను, 'రబ్బరు పనిచేసిందని అమ్మగారికి చెప్పండి' అని. నాన్న ఆ మెయిల్ని పైకి చదివారు, మళ్ళీ చదివారు, ఇంగ్లీషులో ఏ తప్పూ లేదని చూసుకున్నారు. "సరేనమ్మా. రేపు కాకినాడ వెళ్ళక్కర్లేదు" అన్నారు. ఆ మాట చెప్పడానికి ఆయనకి కష్టంగానే ఉందని గొంతులో తెలిసింది. అయినా ఆ వచ్చే ఆదివారం కృతజ్ఞతా ప్రార్థన పెట్టించారు. అయ్యగారు ఆ మెయిల్ని వేదిక మీద నిలబడి, 'ఇకపై మీరు లింకులు తయారుచేసుకోవచ్చును' అనే దాకా గంభీరంగా చదివారు. సంఘమంతా ఆమేన్ అంది.

తర్వాత చాలారోజులు ఒక్క లింకు నుంచి కూడా ఎవరూ ఏమీ కొనలేదు. అందరూ నన్ను సలహా అడిగేవారు, నేను చెప్పింది శ్రద్ధగా వినేవారు, వెళ్ళి సామర్లకోట రోడ్డులో తెలిసినవాళ్ళ కొట్లో కొనుక్కొచ్చి, "నీ మాట మీదే తీసుకున్నామమ్మా" అనేవారు. అలాంటిది ఓ పొద్దున్న నా ఖాతాలో మొదటి అమ్మకం కనపడింది. స్టీలు క్యారేజీ. నేను ఇల్లంతా గంతులేశాను. కొన్ని రోజులకి ఆ క్యారేజీ మా ఇంటికే వచ్చింది. నాన్న చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "స్కూలుకి పాతది బాగానే ఉందిలే గానీ, నువ్వు రాసింది చదివితే కొనాలనిపించింది" అన్నారు. ఆ సాయంత్రమే నెట్‌వర్కు వాళ్ళ మెయిల్. సొంత ఇంటివాళ్ళు సొంత లింకు నుంచి కొనడం నిబంధనలకి విరుద్ధం కాబట్టి మీ ఖాతా మూసివేస్తున్నాం అని.

నాన్న అప్పుడే బడి నుంచి వచ్చి కొత్త క్యారేజీ కడుగుతున్నారు. (ఆయన క్యారేజీ ఆయన కడుక్కోవడం అదే మొదటిసారి.) ఏంటమ్మా అలా ఉన్నావన్నారు. అసలు కారణం చెప్పలేకపోయాను. "ఖాతా మూసేశారు నాన్నా. పాపం వాళ్ళ వ్యాపారమే సరిగ్గా సాగడం లేదట" అన్నాను. ఇక బీఈడీ రెండో విడత కౌన్సెలింగ్ గుర్తుచేస్తారనుకున్నాను. ఆయన ఆ మాటే ఎత్తలేదు. నేనే ఆగలేక అడిగేశాను. "చేర్చుకుంటారా లేదా అన్నదే కదమ్మా మన ఒప్పందం. తర్వాత వాళ్ళకి కష్టాలొస్తే నువ్వేం చేస్తావు" అన్నారు. ఆ పూట ప్రార్థనలో రోగుల తర్వాత, పరీక్షలు రాసే పిల్లల తర్వాత, "ప్రభువా, ఆ నెట్‌వర్కు వారిని జ్ఞాపకం చేసుకో. ఎంతమంది బిడ్డలు అక్కడ పని చేసుకుంటున్నారో" అన్నారు.

ఇప్పుడు నేను కాకినాడలోనే ఉంటున్నాను. ఇంటి సామాన్లమ్మే ఓ కంపెనీకి వెబ్‌సైట్లో రాసి పెడుతుంటాను, నచ్చిన పని. ఎవరైనా కొత్త పిల్ల నన్ను ఏ నెట్‌వర్కూ చేర్చుకోవడం లేదని మెసేజ్ పెడితే, తలంటుకుంటూ తలుపు బాదిన ఆ పిల్లని తలుచుకుని నవ్వుకుని, వెంటనే జవాబిస్తాను. సెలవలకి పెద్దాపురం వెళితే రాత్రి ప్రార్థనలో నాన్న ఇంకా ఆ నెట్‌వర్కు వారిని వదలలేదు. వాళ్ళేమో ఏటికేడు పెరిగి పెద్ద భవనంలోకి మారారు. మొన్న పేపర్లో వాళ్ళ ప్రకటన అరపేజీ పడితే నాన్న మడతపెట్టి నాకు చూపించి, "కాస్త తేరుకున్నట్టున్నారమ్మా. అయినా ఇంకొన్నాళ్ళు చేద్దాం" అన్నారు. అసలు సంగతి తెలిసిన అమ్మ నా వైపు చూసి పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను కళ్ళు మూసుకుని, అందరికన్నా గట్టిగా ఆమేన్ అన్నాను.