శనివారం కుండ

జమ్మలమడుగు బస్సు కండక్టరు పులివెందులలో బండి దిగగానే నన్ను వెతుక్కుంటూ మా బడికి వచ్చాడు. పెద్దయ్యవారు రాత్రి పోయారని, మధ్యాహ్నం నమాజు కాగానే మట్టి చేస్తారని చెప్పాడు. పిల్లలకు సెలవిచ్చి అదే బస్సులో బయలుదేరాను. దారి పొడవునా ఆయన మీద కోపమే వచ్చింది. జబ్బు సంగతి ఒక్క కార్డు ముక్క రాయించి ఉంటే కడసారి చూసి ఉండేవాణ్ణి కదా.

జమ్మలమడుగు మగ్గాల వీధిలోని ప్రాథమిక పాఠశాలకు ఆయన హెడ్మాస్టరు. పులివెందులకు బదిలీ కాకముందు ఆయన కింద పనిచేసిన పంతులును నేను. పిల్లలకే కాదు, వాళ్ళ తల్లులకూ తండ్రులకూ ఆయన పెద్దయ్యవారే.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త. గోదావరి పొంగి ఊళ్ళు మునిగాయని పేపర్లో చదివి, ప్రతి శనివారం ఒక్కొక్కరు పిడికెడు జొన్నలో కొర్రలో తేవాలని పిల్లలకు చెప్పారు. వరండాలో మట్టి కుండ పెట్టారు. నిండితే ప్రొద్దుటూరు బజారులో అమ్మించి ఆ డబ్బు పంపేవారు. వరద తీసినా కుండ అక్కడే ఉండిపోయింది. ఒకసారి మా వీధిలోనే ఇల్లూ మగ్గమూ కాలిపోయిన కుటుంబానికి ఇచ్చారు. ఇంకోసారి ఎక్కడో సముద్రం అవతల భూకంపంలో ఇళ్ళు కూలినవాళ్ళకు. ఆ దేశాన్ని గోడ మీది పటంలో వేలితో చూపించి, "ఇదీ మన పొరుగిల్లేరా. నడాన సముద్రం అడ్డమొచ్చింది, అంతే" అన్నారు. పిల్లలు నమ్మేశారు. నాకు మాత్రం నవ్వొచ్చింది.

ఆ తర్వాత వానలు మొహం చాటేశాయి. నూలు రాక మగ్గాలు ఆగిపోయాయి. పెన్నలో చెలమ తవ్వితే తప్ప నీళ్ళు లేవు. ఒక శనివారం కుండ వంచితే జొన్నలతో పాటు ఏటి ఇసుక రాలింది. ఎవరి పనో తేల్చాలని నేను బెత్తం తీశాను. ఆయన దాన్ని నా చేతిలోంచి లాక్కుని చూరులో దోపారు.

"కొంటెతనం గాదప్పా ఇది. ఇంట్లో గింజ లేదు. వట్టి చేత్తో వచ్చేదానికి సిగ్గయింది పిల్లోల్లకు."

చాట తెప్పించి, ఇసుక చెరిగి గింజలు వేరు చేస్తూ సాయంత్రం దాకా కూర్చున్నారు. వీధిలో పొయ్యి వెలగని ఇళ్ళు చాలా ఉన్నాయని అప్పుడు గానీ నాకు తెలిసిరాలేదు.

మరుసటి వారం కుండ మూతికి గుడ్డ కట్టి, చెయ్యి దూరేంత చీలిక ఉంచారు. ముందుగా తన ఇంటి జొన్నలు సగం దాకా పోశారు. పిల్లలందరూ వరసగా వచ్చి చెయ్యి లోపల పెట్టాలి. ఉన్నవాళ్ళు వేయాలి, లేనివాళ్ళు తీసుకోవాలి, ఎవరూ ఎవరినీ చూడకూడదు.

అంతటి కరువులోనూ అందులోంచి కాసిని గింజలు దూరదేశం వాళ్ళకని పక్కన పెట్టడం చూసి ఉండబట్టలేకపోయాను. మన పిల్లలు మలమల మాడుతుంటే ఊరూ పేరూ తెలియనివాళ్ళకు ఎందుకని గట్టిగానే అడిగాను. సముద్రం అవతలి నుంచి బడికి వచ్చిన పాలపొడి ఉండలను నీళ్ళలో వేళ్ళతో చిదుముతున్నారాయన.

"ఈ పొడి పంపినోల్లకు జమ్మలమడుగు యాడుందో తెలుసునా అప్పా?" అన్నారు తల ఎత్తకుండా.

నేనూ పక్కన కూర్చుని ఉండలు చిదిమాను. అలాగని ఒప్పుకోనూ లేదు. ఇప్పటికీ ఒప్పుకోను.

రెండో తరగతిలో ఒక నేతగాళ్ళ పిల్ల ఉండేది. కుండలోంచి చెయ్యి తీసి, ఖాళీ అరచెయ్యి విప్పి మాకు చూపించి మరీ పోయేది. ఇంట్లో కాస్తో కూస్తో ఉందేమో అనుకున్నాం. ఆ ఎండాకాలం జ్వరం తగిలి మూడు పూటల్లో పోయింది. తట్టుకోవడానికి ఒంట్లో ఏముంది గనక. మేమిద్దరం వెళ్ళేసరికి తల్లి ఆగిన మగ్గం పక్కన కూర్చుని ఉంది. ఏడవడం లేదు.

"కుండలోది తెచ్చుకోమ్మే అంటే, అది పొరుగోల్లదిమా, నేను ముట్టనంటాండె సామీ" అంది.

తిరిగి వస్తూ ఆయన బడి మెట్ల మీద కూలబడ్డారు. "ఇచ్చేది నేర్పిస్తి. తీసుకునేది నేర్పలేకపోతినప్పా" అన్నారు. ఆయన కంట నీళ్ళు చూడడం నాకు అదే మొదలు, అదే ఆఖరు. ఓదార్చడం నాకు చేతకాలేదు.

ఆ శనివారం నుంచి కట్టుబాటు మారింది. కుండలోంచి ఏ చెయ్యైనా మూసే బయటికి రావాలి. గింజలున్నా లేకున్నా ఇంటికి చేరేదాకా పిడికిలి విప్పకూడదు. పెద్దయ్యవారూ అంతే, నేనూ అంతే. ఖాళీ పిడికిలి బిగించుకుని గడపలో అడుగుపెడితే మా ఆవిడ నన్ను చూసి నవ్వేది. నవ్వితే నవ్వనీ. ఆ కరువులో మా బడి నుంచి మరో బిడ్డ పోలేదు. ఆ తర్వాత పటం ముందు ఎప్పుడు నిలబడినా ఆయన వేలు మొదట జమ్మలమడుగు మీద ఆగేది. ఆ తర్వాతే సముద్రం దాటేది.

బస్సు దిగి నేను గోరీల దగ్గరికి చేరేసరికి గుంత సిద్ధంగా ఉంది. మగ్గాల వీధి మగవాళ్ళంతా అక్కడే ఉన్నారు. సాయిబుల ఆచారం ప్రకారం అందరం వరసగా వెళ్ళి మూడేసి పిడికిళ్ళ మట్టి వేశాం. ఆ వరసలో ఎక్కువమంది మా పాత పిల్లలే. మీసాలొచ్చాయి, మగ్గాల మీద కూర్చుంటున్నారు. మట్టి వేసి పక్కకు వస్తున్న వాళ్ళ చేతుల వైపు చూశాను. వాళ్ళకెవరూ ఏమీ చెప్పలేదు. ఒక్కొక్కరే ఖాళీ చెయ్యి మూసుకుని, మూసిన పిడికిలితోనే ఎండలో ఇళ్ళకు నడిచిపోతున్నారు.