నల్లరంగు వేసిన బొద్దు అక్షరాలు

మా ఫ్లెక్సీ షాపులో అందరికీ నచ్చే ఫాంటు ఒకటుంది. మన అక్షరాలు అసలే గుండ్రం. ఆ ఫాంటులో ఇంకా బొద్దుగా, కడుపునిండా పాలు తాగిన పసిపిల్లల్లా ఉంటాయి. కరీంనగర్‌లో ప్లేస్కూలు బోర్డయినా, పుట్టినరోజు ఫ్లెక్సీ అయినా కళ్లు మూసుకుని అదే వాడేవాణ్ణి. ఎవరైనా మార్చమంటే చిర్రెత్తుకొచ్చేది. నా పనిలో వేలు పెడితే నాకు పడదు.

వేములవాడ వైపు నుంచి ఒక మరమగ్గాల కార్మికుడు వచ్చి, కూతురి మొదటి పుట్టినరోజుకు ఫ్లెక్సీ చేయించుకున్నాడు. పాపను ఒళ్లో కూర్చోబెట్టుకున్న నాయనమ్మ ఫొటో, చుట్టూ బెలూన్లు, పైన ఆ బొద్దు అక్షరాలు.

ఆర్నెల్లు తిరక్కముందే మళ్లీ వచ్చాడు. ఆ నాయనమ్మ, అంటే అతని తల్లి, పోయింది.

"అన్నా, మా అవ్వది వేరే ఫొటో లేదు. గా పుట్టినరోజుదే ఉన్నది. రేపే దినాలు."

ప్రింటు తీసేముందు ఎవరికైనా ఒకసారి చూపిస్తాను. అతనికీ చూపించబోతే తల తిప్పుకున్నాడు.

"నేను జూడలేనన్నా. నువ్వే జర మంచిగ జూడు."

పాత ఫైలే తెరిచాను. పాపను చెరిపేశాను, బెలూన్లు తీసేశాను. శుభాకాంక్షలు ఉన్నచోట అశ్రునివాళి అని కొట్టాను, పక్కనే ఆమె పేరు. అక్షరాలు మాత్రం అవే. చూశాను. చూడలేదంటే అబద్ధం. అవతల ఇంకో ముగ్గురు తొందరపెడుతున్నారు, నలుపు రంగు వేస్తే సరిపోతుందిలే అనుకున్నాను. చుట్టి ఇస్తే విప్పకుండానే పట్టుకుపోయాడు.

నాలుగు రోజులకు చుట్టిన ఫ్లెక్సీ ముక్క చేత్తో పట్టుకుని వచ్చాడు. గొడవకే వచ్చాడనుకుని నేనే ముందు గొంతు పెంచాను.

"ఏమైంది తమ్మీ, అక్షరాలు మంచిగనే కనబడ్డయ్ గద!"

"కనబడ్డయన్నా. పిల్లలు సూసి నవ్విండ్రు. ఇదేమన్న బర్త్‌డేనా అని చుట్టాలు సుత అన్నరు."

ఇప్పుడే కొత్తది చేసిస్తానన్నాను.

"దినాలైపోయినయ్ గదన్నా. ఇంకేడ కట్టాలె?"

కోపంగా అనలేదు. అరిచి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

"పోగులు కోసే కత్తెరతోని అక్షరాలు కోసేసిన. ఉత్త ఫొటోనే కట్టినం. ఎవలని అడిగినోళ్లకు పేరు నేనే జెప్పిన," అని ఆ ముక్క నా బల్ల మీద పెట్టాడు. "అవ్వ పేరున్నది, చెత్తల ఏయబుద్ధి కాలే. ఇంట్ల పెట్టుకుందామంటే కండ్ల ముందట గదే నవ్వులాట. నీ దగ్గర్నే ఉంచన్నా."

అతను వెళ్లాక విప్పి చూశాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె పేరు నల్లగా, బొద్దుగా, ముద్దుగా ఉంది.

ఆ ముక్క ఇప్పటికీ నా సొరుగులోనే ఉంది. ప్లేస్కూళ్ల వాళ్లు ఇప్పటికీ ఆ ఫాంటే అడుగుతారు, కాదనలేక కొడుతూనే ఉన్నాను. అతను నన్ను అడిగిందల్లా ఒక్కసారి మంచిగ చూడమనే. చివరికి అతనే తల్లి పేరు కత్తిరించుకోవాల్సి వచ్చింది.