ఉట్టి కిందికి దిగిన ఏడాది

మా చిన్నప్పుడు ఉట్టి అందిందంటే పెద్దవాళ్ళమైపోయినట్టే లెక్క...

వంటింట్లో దూలానికి తాడుతో వేలాడేది మా ఉట్టి. అందులో పెరుగు ముంత, దాని మీద మూకుడు, ఆ మూకుడులో అవ్వ దాచిన బెల్లం ముక్కలు. పిల్లికి అందకూడదని అంత పైన కట్టారు గానీ, పిల్లికన్నా మా బెడదే ఎక్కువ. స్కూలు నుంచి రాగానే సంచీ విసిరేసి దాని కింద ఎగరడమే నా పని. తమ్ముడు పక్కన నిలబడి నవ్వేవాడు.

ఒక ఎండాకాలం నా వేళ్ళు ముంత అడుగును తాకాయి... ఎగరకుండానే!

"అమ్మా, అందిందే! నేను పొడుగైపోయినా!" అని ఇల్లెగిరిపోయేట్టు అరిచాను.

అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. "అవును తల్లీ, ఎదిగినావులే" అని మాత్రం అంది. నాయన పలకరాయి క్వారీలో పనికి పోవడానికి తువ్వాలు దులుపుకుంటున్నాడు. దాన్ని భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

వానలు పడే నాటికి ముంత మొత్తం చేతికొచ్చింది. బెల్లం చప్పరిస్తూ ఆ గొప్ప చెప్పుకోవడానికి వీధంతా తిరిగాను. ఇంకొన్నాళ్ళకు తమ్ముడికీ అందింది... వాడికి అందడమేంటి? నా భుజం దాకా కూడా రాని వెధవకి! నాకు ఒళ్ళు మండిపోయింది.

ఒక ఆదివారం సంగతి తెలిసింది. నాయన స్టూలెక్కి, దూలానికున్న తాడు విప్పి, ఇంకాస్త కిందికి వదిలి మళ్ళీ ముడేస్తున్నాడు.

"ఏంది నాయనా, ఉట్టి దించుతుండావా?"

"మీ అమ్మకు చెయ్యి పైకి పోవడంలే తల్లీ. ఆమెకు అందొద్దా మరి?"

అంటే నేను ఎదిగింది పెద్దగా ఏమీ లేదు... అమ్మే పొట్టిదైపోతోంది. ఆ మాట బుర్రకెక్కాక మళ్ళీ ఆ ముంత మీద చెయ్యి వెయ్యలేదు.

మాది తర్లుపాడు వైపు ఒక మెట్ట ఊరు. బావులు ఎండిపోతే నేను పుట్టకముందే వీధిలో బోరు వేశారట. నీళ్ళు తేటగా, కమ్మగా ఉండేవి. వాసన లేదు, రంగు లేదు... వాటిలో ఎముకల్ని బిగించేసే ఫ్లోరైడ్ ఉందని ఎవరికి తెలుసు? 'గాలి సోకింది', 'నరాల జబ్బు' అని తలా ఒక మాట అనేవాళ్ళు.

ఉట్టి సంగతి తెలిశాక నాకు వీధిలోకి పోవాలంటేనే గుబులు. పక్కింటి అత్త మోకాళ్ళ మీద చేతులాన్చి నడిచేది. ఎదురింటి పెద్దనాయనను పిలిస్తే మెడ తిరగదు, మనిషంతా తిరిగేవాడు. ఆడవాళ్ళ నడుములు వంగిపోతున్నాయి, మగవాళ్ళ మెడలు కొయ్యబారిపోతున్నాయి. వీళ్ళంతా ముసలివాళ్ళని అనుకునేదాన్ని అప్పటిదాకా. తీరా చూస్తే ఆ అత్తది మా అమ్మ ఈడే!

ఆ ఏడాదే మా స్కూలుకు ఒక డాక్టరమ్మ వచ్చింది. మా పళ్ళ మీది గోధుమరంగు చారలు చూసి, ఈ బోరు నీళ్ళు పళ్ళకే కాదు, ఎముకలకూ పడతాయంటూ తలాడించింది. గడ్డం ఛాతీకి ఆనించమంది, చేతులు తల వెనక పెట్టుకోమంది, మోకాళ్ళు వంచకుండా కాలి వేళ్ళు ముట్టుకోమంది. మేమంతా అదేదో ఆటలాగా చేసి ఒకటే నవ్వులు...

ఇంటికి పోయి అమ్మను పట్టుకున్నాను. "నువ్వూ చెయ్యవే అమ్మా!"

అమ్మ నవ్వుతూనే మొదలుపెట్టింది. గడ్డం కిందికి దిగలేదు. చేతులు చెవుల దాకా వచ్చి ఆగిపోయాయి. వంగబోయి గబుక్కున గోడ పట్టుకుంది. ముఖం మీద నవ్వు అట్లాగే ఉంది గానీ కళ్ళు బెదిరిపోయాయి. "ఆడింది చాల్లే... పో, బువ్వ తినుపో" అంది.

అప్పుడు పట్టుకుంది నన్ను భయం. పొద్దున లేవగానే మెడ అటూ ఇటూ తిప్పి చూసుకునేదాన్ని. నీళ్ళు తాగాలంటే భయం... తాగకుండా ఎట్లా? దాహమైతే అదే బోరు, అదే బిందె. గుటక వేసినప్పుడల్లా వెన్ను బిగుసుకుంటున్నట్టే ఉండేది. "ఏందే, చేదుమందు తాగినట్టు తాగుతావు?" అని అవ్వ కసిరేది.

ఇప్పుడు నేను మార్కాపురంలో ఉంటున్నాను. మా ఊళ్ళో ఆ బోరు నీళ్ళు ఎవరూ తాగరు, ఆటోల్లో మంచినీళ్ళ క్యాన్లు వస్తాయి. ఇప్పటి పిల్లలు నిటారుగా, చక్కగా ఎదుగుతున్నారు... చూస్తే కడుపు నిండుతుంది. మేం తాగినవి మాత్రం మా ఎముకల్లోనే ఉండిపోయాయి.

నాయన పోయాక అమ్మ ఊళ్ళోనే మా తమ్ముడి దగ్గర ఉంటోంది. నేలను చూస్తూనే నడుస్తుంది. ఎవరొచ్చినా కాళ్ళను బట్టి, గొంతును బట్టి గుర్తుపడుతుంది.

పోయిన వారం వెళ్ళాను. ఇద్దరం కింద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీశాం. లేవబోతే నా నడుము పట్టేసింది. చెయ్యి దానంతటదే మోకాలి మీదికి పోయింది... "అబ్బా" అనేశాను.

అమ్మ చేతిలో కాయ ఆగిపోయింది.

"ఏందే... మోకాలు పట్టుకొని లేచినావా?"

తన నొప్పుల గురించి ఏనాడూ నోరెత్తని మనిషి నా ఒక్క 'అబ్బా'కు అంత కంగారు పడింది.

"లేదమ్మా... కాలు తిమ్మిరెక్కింది, అంతే!" అని గట్టిగా నవ్వాను.

"నిజమేనా?" అని నా పాదాలను చూస్తూనే అడిగింది.

ఒక్కసారి నా ముఖం చూసిందంటే దొరికిపోయేదాన్ని. నా పైప్రాణాలు పైనే పోయాయి. కానీ పాపం... తల ఎత్తలేకపోయింది. అమ్మ తల ఎత్తలేనందుకు జీవితంలో మొదటిసారి దేవుడికి దండం పెట్టుకున్నాను.

మీ అమ్మ నిటారుగా నిలబడ్డ ఫోటో ఏదైనా ఉంటే కింద కామెంట్లలో పెట్టండి... మా అమ్మది మా దగ్గర ఒక్కటీ లేదు. మీ వాళ్ళవైనా చూసుకుంటాను.