వీడియో కాల్ చొక్కా

సౌదీలోని హాయిల్‌లో మా గదిలో ఉండే ఏసీ మెకానిక్‌ది జగిత్యాల వైపు. ఎవరేమడిగినా ఒకటే జవాబు: "నాకేమైతది, మంచిగనే ఉన్న." మిద్దె మీద ఏసీ బిగిస్తూ అతని దోస్తు కిందపడి చనిపోయాక, అతనికి నిద్ర కరువైంది. అన్నం సయించేది కాదు. జవాబు మాత్రం మారలేదు.

అతనితో ఆన్‌లైన్‌లో మాట్లాడి, మనసు బాధకు కౌన్సెలింగ్ ఇచ్చే క్లినికల్ సోషల్ వర్కర్ కోసం నేను మూడు వారాలు వెతికాను. అమెరికాలో ఉన్న ఒకామె లైసెన్సు తను ఉండే రాష్ట్రం దాటితే చెల్లదట. ఒకాయనకు తెలుగు రాదు. ఇంకొకాయనకు తెలుగు వచ్చు గానీ, లైసెన్సు చూపించమంటే కోపం కూడా వచ్చింది. చివరికి హైదరాబాద్‌లో లైసెన్సున్న మేడం ఒకామె దొరికి, శుక్రవారం టైమిచ్చింది.

తీరా ఆరోజు మావాడు తలస్నానం చేసి, ఇంటికి వీడియో కాల్ చేసేటప్పుడు వేసుకునే ఇస్త్రీ చొక్కా తొడిగి, మెడ దాకా గుండీలు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఎలా ఉన్నారండీ?" అని అడిగిందామె.

"మంచిగనే ఉన్న మేడం. మీరు మంచిగున్నరా?"

నాకు ఒళ్లు మండిపోయింది. "అన్నా, ఈమెకు గూడ గదే చెప్తవా?" అని అరిచాను.

ఆమె నా అరుపు పట్టించుకోలేదు. "చొక్కా బాగుంది. మీరే కొనుక్కున్నారా?" అంది.

అతని చెయ్యి పై గుండీ మీదికి వెళ్లి ఆగిపోయింది.

"నాది గాదు మేడం, మా దోస్తుది. ఇంటికి ఫోన్ చెయ్యాలంటే ఇద్దరం గిదే మార్చి మార్చి ఏసుకునేటోళ్లం." గుండీ విప్పాడు. "ఇప్పుడు నేనొక్కన్నే ఏసుకుంటున్న. మంచిగ లేను మేడం."