సన్మానం వాపసు

నాకు జబ్బు నయమైందని నన్ను వెళ్ళగొట్టారు. అదీ శాలువా కప్పి మరీ.

కన్నడ నాట మడివాళలో నలభై ఏళ్ళు చిల్లరంగడి నడిపినవాణ్ణి, అన్యాయాలు నాకు కొత్త కాదు. పొట్లాలు కట్టే పాత పేపర్లలోనే చదువు నేర్చుకున్నాను. ఎవరు ఏ మాట అన్నారో మరచిపోయే అలవాటు లేదు. కానీ "నీకు బాగైంది కాబట్టి బయటికి నడువు" అనడం మాత్రం ఈ వయసులోనే మొదటిసారి విన్నాను.

మెడలో గడ్డలు లేచి, అది క్యాన్సర్ అని తేలాక, ఆస్పత్రి పక్కనున్న చర్చి హాల్లో ప్రతి గురువారం రోగుల కూటం జరుగుతుందని తెలిసింది. అందరూ కూర్చుని రాగి గంజి తాగుతారు, మాట్లాడుకుంటారు. నడిపేది రిటైరైన నర్సు, చిత్తూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. అందరూ సిస్టరమ్మ అంటారు. నాకు భక్తి లేదు, గంజి కోసమే వెళ్ళాను. నా పక్క కుర్చీ ఒక మేస్త్రీది. కదిరి నుంచి వచ్చి వర్తూరులో అపార్ట్‌మెంట్లు కడుతుండగా అతనికి గొంతులో పుండు బయటపడింది.

ఇంట్లో "భయంగా ఉందిరా" అంటే మా అబ్బాయి "పాజిటివ్‌గా ఉండు నాన్నా" అని ఫ్యాన్ వేసేవాడు. భయానికీ ఫ్యాన్‌కూ సంబంధమేమిటో నాకిప్పటికీ తెలియదు. అదే మాట మేస్త్రీతో అంటే, "నాకూ అట్లే ఉండాది పెద్దాయనా. ముందు గంజి తాగు, తర్వాత ఇద్దరం కలిసి బయపడదాం" అన్నాడు. ఆ రోజు తాగిన గంజి కడుపులో నిలిచింది. నేను బతికింది సగం మందుతో, సగం ఆ కుర్చీతో.

చికిత్స ముగిసిన వారం సిస్టరమ్మ నన్ను వేదిక ఎక్కించింది. ఈ ఊళ్ళో ఎవరిని గౌరవించాలన్నా ఒకటే పద్ధతి: శాలువా, పళ్ళబుట్ట, నెత్తిన మైసూరు పేటా. జరీ తలపాగా అది, ముందే కుట్టి అమ్ముతారు. నా తల మీద ఒక్క వెంట్రుక లేదు. పేటా సర్రున జారి ముక్కు మీద ఆగింది. చప్పట్లు వినిపించాయి గాని మనుషులు కనిపించలేదు.

తరువాతి గురువారం గేటు దగ్గర వాచ్‌మన్ ఆపేశాడు. కుర్చీలు తక్కువట. చికిత్సలో ఉన్న రోగులకూ, వాళ్ళ వెంట వచ్చే బంధువులకూ మాత్రమే చోటట. సిస్టరమ్మ బయటికొచ్చి, "నీకు బాగైపోయింది కదా తాతా, ఇంట్లో సంతోషంగా ఉండు" అంది.

"నయమైనవాడి భయం ఇంట్లో ఎవరికి కావాలమ్మా? మూడు నెలలకో స్కానింగు. అంతవరకూ ఎవరి పక్కన కూర్చుని భయపడాలి?"

"జబ్బు మళ్ళీ వస్తే నీ కుర్చీ నీకే తాతా" అంది, ఓదార్చడానికే.

చూశారా! లోపలికి రావాలంటే గడ్డ మళ్ళీ లేవాలి.

మరుసటి వారం సన్మానం వాపసు ఇచ్చేద్దామని బయలుదేరాను. శాలువా మడతపెట్టాను. పళ్ళు మాత్రం ఎప్పుడో తినేశాం. తిన్న సన్మానాన్ని ఎగ్గొట్టే రకం కాదు నేను, మార్కెట్లో దానిమ్మలూ బత్తాయిలూ కొత్తగా కొని బుట్ట నింపాను. చేతులు చాలక పేటా నెత్తిన పెట్టుకున్నాను. బస్సులో కండక్టర్ లేచి తన సీటే ఇచ్చాడు.

గేటు బయట మేస్త్రీ ఒక్కడే నిలబడి ఉన్నాడు. గొంతు బాగా పోయి గుసగుసగా వస్తోంది. "నువ్వు లేకుంటే లోపలికి పోబుద్ధి కాలే. పై వారం కొత్త మందంట. పోవల్లనా మానేయల్లనా అనుకుంటాండా" అన్నాడు. అతని భార్యకు కూలి మానుకుని వెంట వచ్చే వీలు లేదు. వేరే దిక్కు లేదు.

"మానేయడమేంటి? బంధువులకు చోటుంది కదా, నన్ను నీ బంధువని చెప్పు."

"ఏం వరసని చెప్పేది?"

"పెదనాయన అను."

"మా పెదనాయన గట్టు జరిపి మా చేను కలుపుకున్నోడు. ఆ వరస నాకొద్దు. మామ అంటా."

"నీ పెళ్ళాం ఒప్పుకుంటుందా?"

"ఆమెకెవరు చెప్తారు?"

వరస తేలకముందే వాచ్‌మన్ వచ్చి, "ఇవరు నిమగె ఏనాగబేకు?" అని కన్నడంలో ఆ వరసే అడిగాడు.

"మామ" అన్నాడు మేస్త్రీ. అదే క్షణంలో నేను "పెదనాయన" అన్నాను.

వాచ్‌మన్ మా ఇద్దరినీ, నా నెత్తి మీది పేటానూ చూసి సిస్టరమ్మను పిలిచాడు. "ఇదిగో మీ సన్మానం" అన్నాను. "నయం కావడం నేరమైతే ముందే బోర్డు పెట్టాల్సింది. నన్ను ఏ వరసన లోపలికి రానిస్తారో ఇప్పుడే జవాబు చెప్పండి."

మేస్త్రీ నా చొక్కా కొస పట్టుకున్నాడు. ఆవిడ కాసేపు ఆ చేతినే చూసింది. తరువాత పళ్ళబుట్ట ఒక్కటే అందుకుని, ఇలా అంది:

"మామో పెదనాయనో మీరే తేల్చుకోండప్పా, నాకెందుకు? కుర్చీ లేదు, స్టూలు ఉండాది, దాని మీద కూర్చో. పై గురువారం మాత్రం పెందలాడే రా తాతా. కొత్త మందుకు ఈయనకి వాంతులవుతాయి, బేసిన్ పట్టుకునేదానికి మనిషి కావల్ల."