బదులు ఎవర్నీ పంపని రోజు

మా బిడ్డ పోయి నెల దాటింది. రక్తం జబ్బుతో రెండేళ్లు దవాఖానల చుట్టూ తిరిగి, ఒక మధ్యాహ్నం నా ఒళ్లో తల పెట్టుకుని నిద్రలోనే వెళ్లిపోయింది. ఇక సూదులు లేవు కదా అని ముందు నాకు ఊపిరి ఆడింది. తల్లినై అలా ఎట్లా అనుకున్నానని తర్వాత ఏడ్చాను. నాది ఐదో తరగతి చదువు, తప్పులుంటే సర్దుకుని చదవండి.

గచ్చిబౌలిలో కంప్యూటర్ ఉద్యోగం చేసేది. ఇంటికి రాగానే మెడలో కార్డు కూడా తీయకుండా చాయ్ సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ తాగేది. "ఆఫీసుల గిట్ల తాగితే నవ్వుతరే" అనేది. నల్లగండ్లలో నేను రెండిళ్ల పని చేస్తాను. బిడ్డ మానమన్నా నేను మానలేదు.

మా నాయన దొర దగ్గర వెట్టి చేశాడు. కూలి లేని చాకిరి. ఆయనకు జ్వరమొస్తే బదులు అమ్మ పోవాలి, అమ్మ పురిట్లో ఉంటే నేను పోయాను. వెట్టిని సర్కారు అప్పటికే రద్దు చేసిందట, మాకు చెప్పిన వాళ్లు లేరు. పట్నం వచ్చాక కూడా ఏ రోజు పనికి పోలేకపోయినా బదులు ఒక మనిషిని పంపేదాన్ని.

ఒక జూన్‌లో బిడ్డకు కొత్త సెలవు వచ్చింది. బానిసలకు విడుదల దొరికిన రోజని అమెరికా సర్కారు సెలవు ఇచ్చిందట. బిడ్డ ఆఫీసు వాళ్లు చేసేది అక్కడి పని కాబట్టి వీళ్లకూ సెలవే. ఆ రోజే నాకు జ్వరం. "ఖాళీగనే ఉన్నవ్ గద బిడ్డా, నా బదులు పోయి రా" అన్నాను. పోయి, రెండిళ్ల గిన్నెలు తోమి వచ్చింది.

"బానిసల సెలవునాడు నన్నే వెట్టికి పంపినవ్ గదనే అమ్మా!" అని పడీ పడీ నవ్వింది. తర్వాత మెల్లగా అడిగింది: "తాతకు జ్వరమొస్తే అమ్మమ్మ పోయె. అమ్మమ్మకు నువ్వు, నీకు నేను. ఇగ నాకొస్తే ఎవర్ని పంపుతవ్?"

మరుసటి ఏడు ఆ సెలవుకు ముందు రోజు నాతో మొదటి ఇంటి మేడంకు ఫోన్ చేయించింది. "రేపు నేను రాను మేడం. బదులు కూడా ఎవరూ రారు" అన్నాను.

"సరేనమ్మా, మేం తోముకుంటాం. అసలు ఎప్పుడైనా ఎవర్నైనా పంపమని అడిగానా నిన్ను?" అన్నారు మేడం.

నిజమే. ఆమె ఒక్కసారీ అడగలేదు. ఫోన్ పెట్టేసి ఆ మాట బిడ్డకు చెప్పాను. "ఇన్నేండ్లు దొరను నెత్తి మీద వెట్టుకోని తిరిగినవే పిచ్చిదానా" అని బిడ్డ నా తల నిమిరింది.

తర్వాత దానికి జబ్బు వచ్చింది. దాని బదులు నన్ను తీసుకుపొమ్మని దేవుడికి ఎన్నిసార్లు మొక్కుకున్నానో. అక్కడ మాత్రం బదులు తీసుకోరు.

మొన్న మళ్లీ ఆ సెలవు వచ్చింది. పోనని చెప్పాను, ఎవర్నీ పంపలేదు. చాలా రోజుల తర్వాత ఒళ్లెరగకుండా నిద్రపోయాను. లేచేసరికి ఆఫీసు బస్సులన్నీ వెళ్లిపోయి వీధి నిమ్మళంగా ఉంది. కిటికీలోంచి ఎండ మంచం ఎక్కి నా పాదాల మీదకు వచ్చింది. నేను కాళ్లు తీయలేదు.