కట్టెయ్ అంటే ఏది కట్టెయ్యాలి?

మా అన్నయ్యని ఈ ఊళ్ళో ఎవరూ పేరు పెట్టి పిలవరు. ‘ఉండండి మెకానిక్’ అంటారు. ఎవరు ఏ బండి తోసుకొచ్చినా, వాళ్ళు నోరు తెరవకముందే "ఉండండి" అని స్టూలు జరుపుతాడు. మంచినీళ్ళిస్తాడు. తర్వాత తీరిగ్గా అడుగుతాడు, "ఇది ఆఖరిసారి బాగా నడిచిందెప్పుడు? అక్కణ్ణుంచి చెప్పండి" అని. ఎప్పుడు చెడిందని మాత్రం అడగడు. అలా అడిగితే జనం తప్పెవరిదో చెప్తారు గానీ బండి సంగతి చెప్పరట. ఆ నిదానం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నేను చిటపటలాడే మనిషిని. మేమిద్దరం ఒక తల్లి కడుపున పుట్టామంటే కొత్తవాళ్ళు నమ్మరు.

నాన్న పోయాక నీళ్ళ మోటార్లు బాగుచేసి మమ్మల్ని సాకింది అన్నయ్యే. తర్వాత మోపెడ్లు, ఆ తర్వాత పడవ ఇంజన్లు పట్టుకున్నాడు. నేను కాపురం వదులుకుని చంటిపిల్లతో తిరిగొచ్చిన రోజున చుట్టాలంతా ఏం జరిగిందని గుచ్చి గుచ్చి అడిగారు. అన్నయ్య షెడ్డు వెనక గదిలోని పాత సామానంతా బయట పడేసి, గోడలకి సున్నం కొట్టి, "ఫ్యాను కాస్త చప్పుడు చేస్తుందమ్మా, రేపు చూస్తా" అన్నాడు. "ఇక మీదట ఆ గదిలో చప్పుడు చేసేది ఫ్యాను కాదులెండి" అంది వదిన. ఏడుస్తూనే నవ్వేశాను. నా కూతురు ఆ గదిలోనే పెరిగింది.

ఆ పిల్లకి ఊహ తెలిసినప్పటినుంచీ నీళ్ళంటే ప్రాణం. మా ఊరి సరస్సులో ఈతకొచ్చేవాళ్ళని కాపాడే జట్టులో ఈమధ్యే చేరింది. ఇంకా ఉద్యోగం ఖాయం కాలేదు, పనితనం చూస్తున్నారు. గేటు దగ్గర టికెట్లు చింపేది నేనే కాబట్టి దాని వెలుగూ నీడా అన్నీ నాకు కనబడతాయి. జట్టుకున్న బండి ఒక్కటే, వాటర్ స్కూటర్. మోటార్ సైకిల్ ఎక్కినట్టే ఎక్కి నీళ్ళమీద నడిపేది. అది లేకుండా ఎవర్నీ నీళ్ళలోకి దిగనివ్వకూడదు.

ఒకరోజు సాయంత్రం పిల్ల ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. "రేపట్నుంచి నేను వెళ్ళనమ్మా. ఆ పని నావల్ల కాదు" అంది. ఎందుకే అంటే కంచం తోసేసి వెళ్ళి పడుకుంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. పొద్దున్నే రెక్క పట్టుకుని సరస్సుకి లాక్కెళ్ళాను.

వెళ్ళేసరికి రేవు మీద గుంపు. వాటర్ స్కూటర్ దాని చక్రాల బండి మీదే ఉంది. మీట నొక్కితే ‘టక్’ మంటోంది, అంతే. జట్టు పెద్దని అందరూ కెప్టెన్ అంటారు. ఏ ఓడకీ కాదు, ఆయన గొంతుకి వచ్చిన బిరుదు అది. "బ్యాటరీ పోయింది. వేరేది తగిలించి గట్టిగా తిప్పుదాం" అంటున్నాడు. నా కూతురి మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను అన్నయ్యకి ఫోన్ కొట్టాను.

అన్నయ్య వస్తూనే కెప్టెన్ చేతిలోంచి బ్యాటరీ తీగలు మెల్లిగా తీసుకున్నాడు. "ఉండండి. లోపల ఏదో అడ్డం పడి తిరగట్లేదేమో. బలవంతంగా తిప్పితే లోపలి పిస్టన్ కడ్డీ వంగిపోద్ది, ఇంక ఇంజన్ చేతికి రాదు" అన్నాడు. అని, ఓ డబ్బా బోర్లించి నా కూతుర్ని కూర్చోబెట్టాడు.

"ఇది ఆఖరిసారి బాగా నడిచిందెప్పుడమ్మా?"

పిల్ల నేలచూపులు చూస్తోంది. "నోరు విప్పవేం?" అని కసిరాను.

"నువ్వెళ్ళి టికెట్లు చింపుకో తల్లీ. ఇక్కడ మాకు చిరిగినవి చాలు" అన్నాడు నాతో. నేను కదల్లేదు గానీ నోరు మూసుకున్నాను.

"నిన్న సాయంత్రం మామయ్యా" అంది పిల్ల. "బాగానే నడిచింది. ఒడ్డుకి తెచ్చి పైపు పెట్టి ఇంజన్ లోపల కడుగుతున్నాం."

"ముందు ఏది తిప్పావు?"

"ముందు ఇంజన్, తర్వాత కుళాయి. నువ్వు చెప్పినట్టే."

"మంచిది. ఆపేటప్పుడు?"

పిల్ల కెప్టెన్ వైపు ఓసారి చూసి చెప్పింది. "కెప్టెన్‌గారు అటునుంచి ‘కట్టెయ్’ అని అరిచారు. నేను ఇంజన్ కట్టేశాను. కుళాయి ఇంకా పారుతూనే ఉంది. చూసి వెంటనే కట్టేశాను గానీ… ఎవరికీ చెప్పలేదు మామయ్యా. చెప్తే పంపించేస్తారని."

కెప్టెన్ నెత్తి కొట్టుకున్నాడు. "కుళాయి కట్టెయ్ అన్నానమ్మా నేను" అన్నాడు. పక్కనున్న టీ కొట్టాయన ఊరుకోడుగా. "తాడు కట్టెయ్ అన్నారేమో అనుకుని నేనైతే బండిని గుంజకి కట్టేసుందును" అన్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు.

కుళాయి కట్టినా కట్టెయ్యడమే, ఇంజన్ ఆపినా కట్టెయ్యడమే. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ పైపులోంచి వచ్చే నీళ్ళని బయటికి తన్నేస్తుంది. అది ఆగి కుళాయి పారుతుంటే, ఆ నీళ్ళు పొగగొట్టం దారిన వెనక్కెళ్ళి ఇంజన్లో కూర్చుంటాయి. అందుకే నీళ్ళు ముందు ఆపాలి, ఇంజన్ తర్వాత ఆపాలి.

"పొద్దున్నే చెప్పావు, బతికిపోయాం. ఇంకో రోజు ఆగితే లోపలంతా తుప్పు పట్టేది" అన్నాడు అన్నయ్య. ఇంజన్ ఆయిల్ తీసి చూశాడు, నీళ్ళు కలిసి తెల్లబడలేదు. ప్లగ్గులు విప్పి, వాటి తీగలు పక్కకి పెట్టి, "మొహాలు వెనక్కి" అని మీట నొక్కాడు. ప్లగ్గుల రంధ్రాల్లోంచి నీళ్ళు చివ్వున లేచాయి. వంగి చూస్తున్న కెప్టెన్‌కి తలంటు అయిపోయింది. నీళ్ళన్నీ పోయేదాకా ఆగి ఆగి తిప్పించి, లోపల నూనె కొట్టి, ప్లగ్గులు ఆరబెట్టి బిగించాడు. ఈసారి ఇంజన్ దగ్గి, పొగ కక్కి, అందుకుంది.

"దీన్ని ఇప్పుడు కాసేపు నీళ్ళమీద తిప్పాలి. లోపలి తడి వేడికి ఆరాలి" అన్నాడు అన్నయ్య. ఎవరు తిప్పాలో చెప్పలేదు. కెప్టెన్ వైపు చూస్తూ చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

కెప్టెన్ తల తుడుచుకుని నా కూతురి దగ్గరికొచ్చాడు. "నువ్వే వెళ్ళమ్మా. అసలు సంగతి చెప్పేవాళ్ళు ఉంటే నేను నిశ్చింతగా ఉంటాను. ఇకమీదట ఏది కట్టాలో దాని పేరు పెట్టి అరుస్తాలే" అన్నాడు.

పిల్ల లేచి కళ్ళు తుడుచుకుని బండెక్కింది. సరస్సు మధ్యకెళ్ళి పెద్ద చుట్టు తిరిగింది. నేను ఒడ్డున నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. అన్నయ్యకి చేతులెత్తి దండం పెట్టబోతే విసుక్కున్నాడు. "గేటు దగ్గర జనం ఆగారు, పో" అన్నాడు.

గేటు తీసి టికెట్లు చింపడం మొదలుపెట్టాను. లోపల ఇంజన్ చప్పుడు వినిపిస్తూనే ఉంది. తప్పు జరిగినా మనవాళ్ళకి చెప్పుకోవచ్చన్న ధైర్యం నాకు ఒకప్పుడు సున్నం కొట్టిన గదిలో దొరికింది. నా కూతురికి ఆరోజు బోర్లించిన డబ్బా మీద దొరికింది. అంతా మా అన్నయ్య చేతి చలవే.